గుండె లోపలి పగ్గాలు

ఓర్వకల్లు బస్టాపు దగ్గర మాకొక ఉగ్గాని బండి ఉంది. ఈ ఏడాది ఆ బండి దగ్గరికి వచ్చిన ప్రతి మనిషికీ ఒకే జవాబు చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. "ఏం సుజక్కా, గుండె జబ్బంట గదా, మళ్లా పొయ్యి కాడ నిలబడుకున్నావే!" అని ఒకరు. "ఎదలో మిషను పెట్టినారంట, సెల్లు మాదిరి చార్జింగు పెట్టుకోవాల్నా అక్కా?" అని ఇంకొకరు. పెట్టుకోనక్కర్లేదు. ఉగ్గాని తిని, చేయి కడుక్కొని, బస్సెక్కండి.

అందుకే ఒక్కసారి కూర్చుని అంతా రాసేస్తున్నాను. కర్నూలు ఆసుపత్రిలో మాబున్నీ సిస్టరు కూడా, "రాయమ్మా, నీ మాదిరి భయపడుకుంటా వచ్చేటోళ్లకు చదవమని ఇస్తా" అని నా ప్రాణం తీస్తోంది. ఇంటర్ దాకా చదివాను కాబట్టి రాయగలను. కానీ మందుల పేర్లు, పరీక్షల అంకెలు నన్ను అడగొద్దు. నాకు ఎట్లా అనిపించిందో అదే రాస్తాను. ఒక మాట మాత్రం ముందే చెప్పేస్తాను. నేను బతికే ఉన్నాను, బాగానే ఉన్నాను, నిన్న సాయంత్రం మా మామతో పోట్లాడాను కూడా. ఈ కథలో నన్ను నమిలేసిన భయం నా గురించి కాదు. పదమూడేళ్ల నా కూతురు శ్రావణి గురించి.

మా మామ అంటే నా మొగుడే. పేరు తిప్పన్న. మా అమ్మకు సొంత తమ్ముడు. మా అవ్వ ఈరమ్మ మా అమ్మనూ కన్నది, మా మామనూ కన్నది. అంటే నాకు అమ్మమ్మా ఆమే, అత్తా ఆమే. అత్త తిట్టిందని అమ్మమ్మ దగ్గర ఏడుద్దామంటే అక్కడ కూర్చునేదీ ఆమే. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అమ్మ పోయింది. ఆదోని దిక్కు మా పల్లెలో మిరప కోతకు వెళ్లి, చేన్లోనే కూలబడి పోయింది. ఇరవై ఆరేళ్లు ఆమెకు. ఎండ దెబ్బ అన్నారు. మా నాయన బళ్లారి వెళ్లి ఇంకో కాపురం పెట్టుకున్నాడు. అప్పటి నుంచి అవ్వే నన్ను పెంచి, పెద్దయ్యాక తన కొడుక్కే ఇచ్చి, తన ఇంట్లోనే ఉంచుకుంది. ఇదీ మా సంసారం. అర్థం కాకపోతే ఇంకోసారి చదవండి, డాక్టరమ్మకు కూడా మొదటిసారి అర్థం కాలేదు.

మార్చి

మార్చిలో మొదలైందని అంటున్నాను గానీ, నిజానికి అంతకుముందు ఏడాది నుంచే బిందె ఎత్తితే ఎద దడదడలాడేది. నిలబడి ఊపిరి తీసుకుని మళ్లీ పనిలో పడేదాన్ని. పొయ్యి ముందు బతికేవాళ్లకు ఆయాసం రాక ఏమొస్తుంది అనుకున్నాను.

ఆ రోజు పొద్దున ఎనిమిది గంటలు. బండి చుట్టూ జనం. మామ మిరపకాయ బజ్జీలు వేస్తున్నాడు. నేను ఉగ్గానికి నానబెట్టిన బొరుగులను, అంటే మరమరాలను, గట్టిగా పిండి గంపలో వేస్తూ వంగి లేచాను. పోపు వాసన వచ్చింది, ఆ తర్వాత కళ్ల ముందు అంతా తెల్లగా అయిపోయింది. మళ్లీ కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. ఎవరో అరికాళ్లకు ఉల్లిగడ్డ రుద్దుతున్నారు, ఇంకెవరో నోట్లో మజ్జిగ పోస్తున్నారు. "ఎండ దెబ్బ, ఎండ దెబ్బ" అని బస్టాపంతా ఒకటే మాట.

మార్చి నెలలో, పొద్దున ఎనిమిదింటికి, చెట్టు నీడలో ఎండ దెబ్బ ఏందని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. మా సీమలో మనిషి పడిపోతే ఎండ మీద వేసేయడం మాకు అలవాటు. ఎండకు నోరు లేదు కదా, కాదని చెప్పడానికి.

మూడు వారాలకు మళ్లీ పడ్డాను. ఈసారి గంప మీద పడ్డాను, ఉగ్గాని అంతా మట్టిపాలు. శ్రావణి వాళ్ల పీఈటీ సారు రోజూ మా దగ్గరే తింటాడు. ఆయన చేతిలో ఉన్న బజ్జీ పక్కన పెట్టి, "తిప్పన్నా, ఇది ఎండ దెబ్బ కాదప్పా. ఈ పొద్దే కర్నూలుకు పిలుచుకొని పో" అని గట్టిగా చెప్పాడు. మామ బండి మూసేశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో మిట్ట మధ్యాహ్నం లోపల ఆయన బండి మూయడం అదే మొదటిసారి. దాన్ని చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

ఏప్రిల్

ఆసుపత్రి హాల్లో కూర్చోవడం ఒక ఉద్యోగం. పొద్దున వెళ్లి చీటీ తీసుకుని, పేరు ఎప్పుడు పిలుస్తారా అని చెవులు అటు పెట్టి కూర్చోవాలి. నీళ్లు తాగడానికి లేస్తే పిలుస్తారేమోనని భయం. అవ్వ నాతో వస్తానని పట్టుబట్టి, పెరుగన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరైనా తెల్లకోటు వేసుకుని కనిపిస్తే చాలు లేచి దండం పెట్టేది. వాళ్లలో ఒకాయన లిఫ్టు నడిపే మనిషి.

మా పక్కన ఎర్రగుంట్ల లారీ డ్రైవరు ఒకాయన భార్యను తీసుకొచ్చి కూర్చున్నాడు. నేను రొప్పుతుంటే చూసి, ఫ్యాను కింద ఉన్న తన కుర్చీ నాకు ఇచ్చాడు. "రెండేండ్లు సిమెంటు దుమ్మని అనుకుంటిమమ్మా" అన్నాడు, భార్యను చూపిస్తూ. "మా ఊర్లో ఎవురికి దమ్ము వచ్చినా దుమ్మే అంటారు."

"మాకు ఎండ, మీకు దుమ్ము" అన్నాను. ముగ్గురమూ నవ్వాం. ఆయన ఆ తర్వాత మధ్యాహ్నం దాకా గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు, కుర్చీ మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆయన పేరు కూడా అడగలేదు నేను. ఎక్కడున్నా ఆ ఇద్దరూ చల్లగా ఉండాలి.

ఎదకు చల్లటి జిగురు రాసి, టీవీ లాంటి దాంట్లో నా గుండె చూపించారు. డాక్టరమ్మది విజయనగరం దిక్కు, చిన్న వయసు, మాట మెత్తన. చాలాసేపు చూసి, "మీ గుండె గోడ ఉండాల్సినదానికన్నా మందంగా ఉందండీ" అన్నది.

మామ మొహం వెలిగిపోయింది. "మందంగా ఉంటే గట్టిదే గదా మేడమ్? మంచిదే గదా?"

"గోడ మందమైతే లోపల గది ఇరుకవుతుంది కదండీ" అన్నది ఆమె. మామ మొహం ఆరిపోయింది.

ఆమె ఒక కాగితం తీసి గీతలు గీసింది. గుండె కండలో ఒక్కో కణం లోపల సన్న పోగులు, లావు పోగులు వరుసగా పేర్చి ఉంటాయట. అవి ఒకదాని సందులోకి ఒకటి జారితే గుండె ముడుచుకుంటుంది, మళ్లీ వెనక్కి జరిగితే వదులవుతుంది. ఆ లావు పోగులను పట్టి ఉంచి, మరీ తొందరపడకుండా అదుపు చేసే ప్రోటీన్ ఒకటి ఉంటుందట. అది నా ఒంట్లో సరిపడా తయారు కావడం లేదేమోనని ఆమె అనుమానం. అందుకే నా గుండె ఊరికే గట్టిగా బిగుసుకుని, బిగుసుకుని, గోడలు లావెక్కాయి.

మామ ఆ కాగితం కేసి చాలాసేపు చూశాడు. "అంటే పగ్గం మేడమ్" అన్నాడు చివరికి. "ఎద్దులకు పగ్గం లేకుంటే బండిని లాగీ లాగీ అవే అలిసిపోతాయి."

డాక్టరమ్మ పెన్ను ఆపింది. "అంతేనండీ. రేపటి నుంచి నేనూ అందరికీ అట్లాగే చెబుతాను" అన్నది. ఆ ఒక్క మాటకు మా మామ ఇంటికి వెళ్లేదాకా బస్సులో ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. పెళ్లాం గుండె పాడైందన్న సంగతి ఓర్వకల్లులో దిగాక గుర్తొచ్చింది. దిగీ దిగగానే పక్కకు తిరిగి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

నెలాఖరున ఎడమ భుజం కింద ఒక చిన్న యంత్రం పెట్టారు. గుండె దారి తప్పితే అదే సరిచేస్తుందట. భయపడ్డానా అంటే భయపడ్డాను, దాచడమెందుకు. లోపలికి తీసుకెళ్లేటప్పుడు మాబున్నీ సిస్టరు నా చేయి పట్టుకుని, "ఏం గాదు బిడ్డా, అల్లా ఉండాడు, నీ దేవుడూ ఉండాడు, ఇద్దరు సాలకుంటే నేనుండా" అన్నది. నవ్వుతూనే లోపలికి వెళ్లాను. నా రక్తం పరీక్షకని హైదరాబాదుకు పంపించారు.

మే

కొన్ని వారాలు ఎడమ చేయి భుజం కన్నా పైకి ఎత్తొద్దన్నారు. దాంతో శ్రావణికి జడ వేసే పని మామ మీద పడింది. దానికి వేసవి ఖోఖో క్యాంపు ఉండేది, పొద్దున్నే బళ్లో. మండలంలో దాన్ని మించి పరిగెత్తే పిల్ల లేదని పీఈటీ సారు చెబుతాడు, జిల్లా జట్టుకు ఎంపిక చేయిస్తానని కూడా అన్నాడు. అంతటి ఆటగత్తె శనగపిండి వాసన కొట్టే వంకర జడలతో క్యాంపుకు పోయేది. "నాయనా, జడ వేస్తాండావా, బజ్జీ వేస్తాండావా?" అని అది అరిచేది.

ఇంతలో హైదరాబాదు నుంచి జవాబు వచ్చింది. డాక్టరమ్మ అనుమానం నిజమే. ఆ ప్రోటీన్‌ను తయారు చేయించే రాత మనిషిలో రెండు ప్రతులుగా ఉంటుందట, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. నాలో ఒక ప్రతి తప్పుగా ఉంది. అది ఎటు వైపు నుంచి వచ్చిందో తెలుసుకోవాలి, ఇంట్లో వాళ్లందరినీ తీసుకుని రండి అన్నది.

నలుగురం వెళ్లాం. ఆమె పెద్ద కాగితం పరిచి వంశం గీయడం మొదలుపెట్టింది. ఆడవాళ్లకు సున్నా, మగవాళ్లకు చతురస్రం.

"మీ అమ్మగారు ఎట్లా పోయారు?"

"ఎండ దెబ్బ" అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "పొలంలో పడిపోయింది మేడమ్. ఇరవై ఆరేళ్లకు" అన్నాను. ఆమె ఆ సున్నా మీద అడ్డగీత గీసి, పక్కన ఏదో రాసుకుంది.

"మీ ఆడబిడ్డలు?"

"ఒకతే. మా అమ్మే."

పెన్ను ఆగింది. "మీ అమ్మగారే మీ ఆడబిడ్డా?"

"అవును. మా అత్త ఈమే. ఈమే మా అమ్మమ్మ."

అవ్వ ముందుకు వంగి, "నా మొగుడు నాకు మేనమామ కొడుకు తల్లీ. అది గూడా గీసుకో" అన్నది గర్వంగా. డాక్టరమ్మ గీతలన్నీ తిరిగి తిరిగి మొదటికే వచ్చాయి. ఆమె ఇంకో కాగితం తీసుకుంది. నాకు నవ్వు ఆగలేదు, యంత్రం పెట్టిన చోట నొప్పి పుట్టింది.

"మీ ఇంట్లో పసిపిల్లలు ఎవరైనా పోయారా, అవ్వా?"

"లేరమ్మా. ఎవురూ లేరు" అన్నది అవ్వ. వెంటనే అన్నది, ఆలోచించకుండా.

అప్పుడే మాబున్నీ సిస్టరు బీపీ మిషను పట్టుకుని లోపలికి వచ్చి, "తిప్పన్న ఎవురు? చెయ్యి సాపు" అన్నది. మామ చేయి చాపాడు. పట్టీ చుట్టబోతూ ఆమె ఆగింది. ఆమెదీ ఆదోని దిక్కే. మామను చూసింది, అవ్వను చూసింది, కాగితం మీద అవ్వ కింద ఉన్న రెండే గుర్తులను చూసింది.

"అవ్వా" అన్నది మెల్లగా, "మన దిక్కు తిప్పన్న అని ఊరికే పెడతారా? ఈయప్పకు ముందర ఎంతమంది పోయినారు?"

డాక్టరమ్మకు అర్థం కాక అందరి మొహాలూ చూస్తోంది. సిస్టరే ఆమెకు చెప్పింది. పిల్లలు పుట్టి పుట్టి పోతుంటే, మా దిక్కు తర్వాత పుట్టిన బిడ్డను చేటలో పెట్టి ఊరి తిప్ప మీద, అంటే పెంటకుప్ప మీద, కాసేపు పడుకోబెడతారు. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని మృత్యువు వదిలేస్తుందని. మళ్లీ తెచ్చుకుని తిప్పన్న అనో తిప్పమ్మ అనో పేరు పెట్టుకుంటారు.

మామకు తనను తిప్ప మీద పెట్టారని తెలుసు. "నేను తిప్ప మీద దొరికినోన్ని" అని ఎన్నిసార్లు నవ్వాడో. ఎందుకు పెట్టారని నలభై రెండేళ్లలో ఒక్కసారీ అడగలేదు. నేను ఆ పేరు రోజుకు వందసార్లు వింటాను. నేనూ అడగలేదు. ఎంత మొద్దులమో చూడండి.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ముగ్గురు" అన్నది. "మీ అమ్మ పుట్టినాక ముగ్గురు. పాలు తాగేటప్పుడు చెమట కారేది తల్లీ, చలికాలంలో గూడా. పాలు తాగను గూడా దమ్ము సాలేది కాదు. నెలా, రెండు నెలలు. దిష్టి అన్నారు, గాలి అన్నారు. మంత్రాలు ఏపిస్తిమి. పోయిన బిడ్డల పేరెత్తితే ఉన్నోళ్లకు మంచిది గాదని మా అత్త సెప్పె. యాభై ఏండ్లు నోరు మూసుకుంటి."

మామ లేచి వెళ్లి అవ్వ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె మోకాలి మీద చేయి వేశాడు.

డాక్టరమ్మ గొంతు తగ్గించి చెప్పింది. అవ్వకూ తాతకూ ఇద్దరికీ ఆ తప్పు ప్రతి ఉండి ఉంటుంది. ఆ ముగ్గురు పసివాళ్లూ రెండు వైపుల నుంచీ తప్పు ప్రతే తెచ్చుకుని, పగ్గమే లేకుండా పుట్టి ఉంటారు. మా అమ్మకు ఒకటే వచ్చి ఉంటుంది, నాకు ఆమె నుంచి వచ్చింది. మామకు వచ్చిందో లేదో తెలియదు. శ్రావణికి వచ్చిందో లేదో తెలియదు. ఇద్దరి రక్తమూ తీసుకోవాలి.

"ఇది మీ తప్పు కాదు అవ్వా. ఎవరి తప్పూ కాదు" అని కూడా అన్నది.

అవ్వ ఆ మాట విన్నట్టు లేదు. వేలు చాపి, "ఆ ముగ్గురినీ గూడా ఈడ గీయి తల్లీ" అన్నది. డాక్టరమ్మ మూడు చిన్న గుర్తులు గీసింది. అవ్వ వాటిని ఒక్కొక్కటీ వేలితో తాకింది. పెద్దవాడి పేరు నరసింహులంట, తర్వాతివాడిది ఈరన్న. మూడోది ఆడపిల్ల, పేరు పెట్టేలోపే పోయింది.

శ్రావణి గుండె కూడా ఆ రోజే టీవీలో చూశారు. బాగానే ఉంది. "జవాబు వచ్చేదాకా ఆటలు ఆపక్కర్లేదు, నీళ్లు బాగా తాగించండి, ఎండ ముదిరాక మాత్రం వద్దు" అన్నది డాక్టరమ్మ. నేను తలూపాను. ఇంటికి వచ్చి, బట్టలైనా మార్చకుండా పీఈటీ సారుకు ఫోను చేసి, రేపటి నుంచి మా పాప ఆటకు రాదని చెప్పేశాను.

జూన్, జూలై

ఈ రెండు నెలలు రాయాలంటే నాకే సిగ్గు.

బండి నడవాలి కదా. ఉగ్గాని పని మామ అందుకున్నాడు. ఆయన బజ్జీల్లో ఘనుడు, ఉగ్గానిలో సున్నా. బొరుగులు గట్టిగా పిండితే పిప్పి, పిండకపోతే గంజి. పుట్నాల పొడి ఒకరోజు రెండుసార్లు వేశాడు, ఇంకోరోజు మరిచిపోయాడు. "అన్నా, అక్క ఎప్పుడొస్తాదన్నా?" అని రోజూ వచ్చే ఒకాయన ఏడుపు మొహంతో అడిగాడంట. "ఆమె గుండె బాగయ్యేలోపల మా కడుపులు పాడైతాండాయి" అన్నాడంట. ఆ మాట మామ ఇంటికి వచ్చి నాకు చెబితే ఎంత నవ్వానో. నాకోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారని ధైర్యం కూడా వచ్చింది.

ఇంట్లో మాత్రం నవ్వు లేదు. శ్రావణి నాతో మాట్లాడటం మానేసింది. అది గిన్నె ఎత్తినా, మెట్టెక్కినా, నేను దాని ఎద మీద చేయి పెట్టి చూసేదాన్ని. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టేదాన్ని. ఒకరోజు విసిరికొట్టింది నా చేయి.

"రోగం నీకొస్తే నన్నెందుకు కట్టేసినావు?" అన్నది.

చేయి ఎత్తాను కొట్టడానికి. కుడి చేయే, ఎత్తొచ్చు. కొట్టలేదు గానీ ఎత్తాను, అది చూసింది. వంటింట్లోకి వెళ్లి కూర్చుని ఏడ్చాను. మా అమ్మ ఇరవై ఆరేళ్లకు పోయింది, అవ్వ బిడ్డలు పాలు తాగుతూ పోయారు, నాకు దాన్ని చూస్తే వాళ్లందరూ కనిపిస్తున్నారు. అది పిల్లకు ఎట్లా చెప్పను?

అవ్వ సంగతి ఇంకోలా ఉంది. సంగటి ముద్ద సగం తిని లేచిపోయేది. ఒక మధ్యాహ్నం అరుగు మీద నా పక్కన కూర్చుని, "నేను నిన్ను వేరే ఇంటికి ఇచ్చింటే బాగుండు పాపా. తల్లి లేని పిల్ల, నా కండ్ల ముందర ఉండాలని నా కొడుక్కే చేసుకుంటి. నా బిడ్డలను మింగిన జబ్బునే మళ్లా ఇంట్లోకి తెచ్చుకుంటి" అన్నది.

"వేరే ఇంటికి ఇచ్చింటే అత్త చేత తిట్లు తిని సచ్చిపోయిందును అవ్వా. నీ తిట్లు నాకు చిన్నప్పటి నుంచి అలవాటు" అన్నాను. ఆమె నవ్వలేదు. నేను ఆమె భుజం మీద తల పెట్టుకున్నాను.

ఇక్కడ చదివేవాళ్లకు ఒక మాట. మీ ఇంట్లో చిన్న వయసులో పోయినవాళ్లు ఉంటే, వాళ్ల గురించి పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెప్పరు, ఇంకోసారి అడగండి. ఇంట్లోవాళ్ల పేర్లన్నీ ఒకసారి చెవి పెట్టి వినండి. సంబంధం కలుపుకునే ముందు అయితే ఇంకా మంచిది. మా సీమలో మేనరికాలు ఆపమంటే ఎవరూ ఆపరు, నాకు తెలుసు. కనీసం నోరు విప్పండి.

ఆగస్టు

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చిన రోజు మళ్లీ నలుగురం బస్సెక్కాం. నేను, శ్రావణి ఒక సీట్లో కూర్చున్నాం. నన్నూరు దాటాక అది తల నా భుజం మీద వాల్చింది. నిద్రపోయిందనుకున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి.

డాక్టరమ్మ ముందు మామ సంగతి చెప్పింది. ఆయనలో తప్పు ప్రతి లేదు. రెండూ మంచివే. పెంటకుప్ప మీద పడుకోబెట్టిన మనిషికే మా ఇంట్లో గుండె నిక్షేపంగా ఉంది.

"శ్రావణికి ఒక ప్రతి వచ్చింది. మీ నుంచి" అన్నది నన్ను చూసి.

ఆమె ఇంకా చెబుతూనే ఉంది. పిల్ల జబ్బు మనిషి కాదు. గుండె ఈ రోజుకు చక్కగా ఉంది. ముందు ముందు రావచ్చు, అసలు రాకనూ పోవచ్చు. ఏడాదికోసారి చూసుకోవాలి. నీళ్లు తాగాలి, కళ్లు తిరిగినా దడ వచ్చినా దాచకుండా చెప్పాలి. మీ అమ్మగారిని చూసే దిక్కు లేకపోయింది, ఈమెను మనం చూస్తూనే ఉంటాం.

"ఆటనో?" అన్నది శ్రావణి. లోపలికి వచ్చాక అది మాట్లాడిన మొదటి మాట.

"ఆడుకో" అన్నది డాక్టరమ్మ.

నేను ఏడ్చాను. ఆసుపత్రి అని చూడకుండా గొంతెత్తి ఏడ్చాను. నా నుంచి వచ్చింది, నేను ఇచ్చాను, ఇంకేం ఇవ్వాలో తెలియనట్టు ఇదే ఇచ్చాను అని ఏడ్చాను. మామ నీళ్ల సీసా మూత తీయలేక కిందా మీదా పడుతున్నాడు. అవ్వ మాత్రం ఏడవలేదు. చాలా గంభీరంగా ఆలోచించి, "ఇప్పుడు పోయి దీన్ని గూడా కాసేపు తిప్ప మీద పడుకోబెట్టుకొని వస్తే?" అన్నది.

"జేజీ! నేను ఎనిమిదో తరగతి!" అని అరిచింది శ్రావణి.

డాక్టరమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. మాబున్నీ సిస్టరు పెట్టుకోలేదు, పగలబడి నవ్వింది. నాకు ఏడుపులోనే నవ్వు వచ్చి పొలమారింది. బయటి హాల్లో వాళ్లు మేము ఏం శుభవార్త విన్నామో అనుకుని ఉంటారు.

నవంబరు

నేను బండి దగ్గరికి వచ్చేశాను. బరువులు ఎత్తను, పొయ్యి ముందు ఎక్కువసేపు నిలబడను, కుర్చీ వేసుకుని కూర్చుని ఉగ్గాని కలుపుతాను. మామ మళ్లీ బజ్జీలకు వెళ్లిపోయాడు. ఓర్వకల్లు ప్రజలు ఊపిరి పీల్చుకున్నారు.

శ్రావణిని ఆటకు పంపుతున్నాను. పంపుతున్నాను అని రాయడం తేలిక. మొదటి నెలంతా నేనూ దాని వెనకే గ్రౌండుకు వెళ్లి, గట్టు మీద నీళ్ల క్యాను పెట్టుకుని కూర్చునేదాన్ని. అది పరిగెత్తినంతసేపూ దాని మెడ మీద నరం కొట్టుకోవడం కనిపిస్తుందా అని చూసేదాన్ని. ఆగినప్పుడు ఎన్ని ఊపిర్లకు మామూలు అవుతోందో లెక్కపెట్టేదాన్ని. పిల్లలందరూ నీళ్లకు వచ్చినప్పుడు నాకు కనిపించేది ఒక్క పిల్ల, అందులోనూ ఎద మీద జానెడు మేర.

జిల్లా ఎంపిక ఆటలు మా బడి గ్రౌండులోనే జరిగాయి. చుట్టుపక్కల ఊళ్ల జట్లు వచ్చాయి. మామ, అవ్వ కూడా వచ్చారు. మొదటి సగం అయిపోయింది. శ్రావణి చెమటలు కారుతూ నా దగ్గరికి వచ్చింది. నేను సీసా ఇస్తూ రెండో చేయి దాని ఎద మీదకు పోనిచ్చాను. అది నా చేయి పట్టుకుని ఆపింది. ఈసారి విసిరికొట్టలేదు.

"అమ్మా, ఎన్ని దినాల్నుంచి వస్తాండావు ఆటకు?" అన్నది.

"రోజూ వస్తాండా గదే."

"నా ఆట ఒక్క దినమన్నా చూసినావా? నా గుండెకాయను చూసి పోతాండావు. దాన్ని మేడమ్ సూస్తాది. నువ్వు నన్ను సూడు."

నీళ్లు తాగి, సీసా నా ఒళ్లో పడేసి పోయింది.

విజిల్ వేశారు. పిల్లలు వరుసగా అటొకరు ఇటొకరు మొహం పెట్టి కూర్చున్నారు. "ఖో!" అని వెనక నుంచి దెబ్బ పడగానే శ్రావణి లేచింది. ఎడమకు పోతున్నట్టు భుజం వంచి, కుడికి తిరిగింది. ఎదుటి జట్టు పిల్ల నమ్మి మోసపోయింది. స్తంభాన్ని ఒంటి చేత్తో పట్టుకుని గిర్రున తిరిగి, దుమ్ము లేపుకుంటూ వచ్చి, పూర్తిగా ముందుకు పడి ఆ పిల్ల మడమను వేళ్లతో తాకింది. అవ్వ లేచి నిలబడి ఈల వేసింది. ఆమెకు ఈల వేయడం వచ్చని కూడా మాకెవరికీ తెలియదు. మామ ఎవరిదో భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. నేను అరుస్తున్నాను, ఏమని అరిచానో గుర్తులేదు.

శ్రావణి మోకాళ్లు దులుపుకుని లేచి మళ్లీ పరుగు అందుకుంది. పదమూడేళ్లు పెంచాను దాన్ని. పరిగెత్తేటప్పుడు అది నాలుక కొంచెం బయటపెట్టి కరుచుకుంటుందని ఆ రోజే చూశాను.